సేద్యం చేసే ఇంట్లో రోజువారీ పనులు: మీరెలా పంచుకుంటున్నారు?

తొలకరి
అందరికీ నమస్కారం. మాది మూడు తరాలు కలిసుండే ఇల్లు. అత్తయ్య, మావయ్య, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. కొంత పైరు, కొన్ని పాడి పశువులు, ఇంటి వెనక కోళ్లు, కూరగాయల మడి. పనికి వెనకాడే మనిషి మా ఇంట్లో లేరు. అయినా ఎప్పుడూ ఎవరో ఒకరు అలసిపోయి విసుక్కుంటూనే ఉంటారు. ఏ పని ఎవరిదో ఎన్నడూ కూర్చుని అనుకోలేదు, అలవాటు మీద నడిచిపోతోంది. అలా నడవడంలో కొన్ని పనులు కొందరి మీద పడి అక్కడే ఉండిపోయాయి.

పాలు పితికే వేళకు ఒకరు ఇంట్లో ఉండి తీరాలి కాబట్టి అందరం కలిసి ఎక్కడికీ కదల్లేం. పిల్లలకు ఏ వయసులో ఏ పని చెప్పాలో నాదీ మా ఆయనదీ ఒక మాట కాదు. పంట నిర్ణయాలన్నీ మావయ్యవే, వాటి పర్యవసానం మాత్రం అందరిదీ. సర్దుకుపోవడం మాకు బాగా అలవాటే. అంతకుమించి ఏదైనా ఏర్పాటు చేసుకుని, అది నిలబడిందని చూసినవాళ్లు ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

పాడివాకిలి
అక్కా, పాల సంగతి నేను చెప్తాను. పూటకీ పూటకీ మధ్య ఇంచుమించు పన్నెండు గంటల ఎడం ఉంటే మంచిది. ఎప్పుడో ఒకసారి గంట అటూ ఇటూ అయితే ఫరవాలేదు, రోజూ వేళ మారుతుంటే మాత్రం పాలు తగ్గుతాయి. అందుకే పక్క పొలం వాళ్లతో మాట్లాడుకున్నాం. వాళ్లకూ పాడి ఉంది. వాళ్లు ఊరెళితే వాళ్ల పశువులు మేం చూస్తాం, మేం వెళితే మావి వాళ్లు చూస్తారు.

ఈ ఏర్పాటు మాట అనుకున్నంత తేలిగ్గా నడవదు. కొత్త చేయి పడితే ఆవు చేపదు. బెదిరిన పశువు ఒంట్లో అడ్రినలిన్ పెరిగి, పాలు దిగడానికి కావలసిన ఆక్సిటోసిన్ పనిని అడ్డుకుంటుంది. పాలు పొదుగులోనే నిలిచిపోతే పొదుగువాపు భయం ఒకటి. అందుకని పక్కింటి వదిన ముందుగా కొన్ని పూటలు నాతో పాటే కొట్టంలోకి వచ్చి, మొదట ఊరికే నిలబడి, తర్వాత పొదుగు కడిగి, ఆ తర్వాత పితికింది. నేను పిలిచే పేర్లతోనే పిలుస్తుంది, నా వరసలోనే వెళుతుంది. ఇప్పుడు ఆమె వచ్చినా మా ఆవులు తల తిప్పి చూడవు.

ఒక జాగ్రత్త తప్పకుండా చెప్పాలి. యాంటీబయాటిక్ వాడుతున్న పశువు పాలు, డాక్టరు చెప్పిన గడువు తీరేదాకా మిగతా పాలలో కలపకూడదు. మీకు తెలుసు, మీ బదులు వచ్చిన మనిషికి తెలియదు. మేం ఆ పశువు కాలికి ఎర్రగుడ్డ కడతాం, గోడ మీద సుద్దతో ఏ తేదీ దాకా కలపకూడదో రాస్తాం. రెండూ చేస్తాం. ఒకటి చూడకపోయినా ఇంకోటి కనబడాలి.

గడ్డివాము
కాలికి గుడ్డ కట్టడం మా ఇంట్లోనూ మొదలుపెడతాను. మంచి సంగతి చెప్పారు.

లెక్కలపుస్తకం
తొలకరి గారూ, పంచుకోవడం కన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. అసలు ఎవరు ఏం చేస్తున్నారో రాయండి. ఒక వారం పాటు ఇంట్లో ప్రతి మనిషీ తను చేసిన పని, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ రాయాలి. పొలం పని ఒక్కటే కాదు. దూడకు పాలు పట్టడం, విత్తనాలు ఏరడం, పనివాళ్లకు వండి పంపడం, మోటారు బాగు చేయించడానికి తిరగడం, బ్యాంకు కాగితాలు, కోళ్లు మూశామో లేదో రాత్రి లేచి చూసి రావడం, అన్నీ. రాయలేని పెద్దవాళ్లు చెబితే పిల్లలు రాయొచ్చు.

మా ఇంట్లో ఇలా రాసినప్పుడు మా అమ్మ పేరు కింద ఉన్నవన్నీ చిన్న చిన్న పనులే. పది నిమిషాలు, పావుగంట. అన్నీ కూడితే ఇంట్లో అందరికన్నా ఎక్కువ సేపు పనిచేస్తున్నది ఆవిడే. ఆ కాగితం చూసి మా నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి దూడల పని ఆయన తీసుకున్నారు.

ఇది మన ఇళ్లకే పరిమితమైన సంగతి కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2011లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అభివృద్ధి చెందుతున్న దేశాల్లో వ్యవసాయంలో పనిచేసేవాళ్లలో సగటున 43 శాతం ఆడవాళ్లే. అయినా కాగితాల మీద వాళ్లది ‘ఇంటివాళ్లకు సాయం’. 2026ను మహిళా రైతుల అంతర్జాతీయ సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

డబ్బు లెక్కలోనూ ఇది కావాలి. ఎరువు, విత్తనం, డీజిలు, కూలి రాసుకుని, ఇంటివాళ్ల శ్రమను సున్నాగా వదిలేస్తే పంట లాభంలో ఉన్నట్టే కనిపిస్తుంది. అదే పనికి బయటి మనిషిని పెడితే ఎంత అయ్యేదో పక్కన రాయండి. కొన్ని పంటలు ఇంటివాళ్ల ఒళ్లు అరగదీసి మాత్రమే నిలబడుతున్నాయని అప్పుడు తెలుస్తుంది. అలాంటి పంట వేయాలా మానాలా అన్నది మీ ఇష్టం, తెలిసి మాత్రం చేయండి.

పాతకాపు
అమ్మా తొలకరీ, బాబూ లెక్కలపుస్తకం, నా మాట వేరు. కోపం తెచ్చుకోకుండా వినండి. మా రోజుల్లో గంటలు లెక్కపెట్టలేదు. పొద్దున్నే ఎవరు ముందు లేస్తే వాళ్లు పేడ ఎత్తారు. ఒంట్లో బాగోలేని మనిషి పని చెప్పకుండానే ఇంకొకరు అందుకున్నారు. ‘నేను ఇంత చేశాను, నువ్వు ఇంతే చేశావు’ అని కాగితం పట్టుకుంటే ఇల్లు కంపెనీ అయిపోతుంది. ఒకసారి ఆ మాట నోట్లోంచి వస్తే తిరిగి తీసుకోలేం. అన్నదమ్ముల మధ్య లెక్కలు మొదలైన ఇళ్లు విడిపోవడం నా కళ్లతో చూశాను.

తొలకరి
పాతకాపు గారూ, మీరన్న భయం నాకూ ఉంది. మా అత్తయ్య కూడా ‘రాస్తే ఏమొస్తుంది’ అంటారేమో. కానీ చెప్పకుండానే అందుకునే ఇంట్లో, చెప్పలేక మోసేవాళ్లు కూడా ఉంటారు కదండీ. వాళ్ల మాట ఎలా బయటికి రావాలి?

లెక్కలపుస్తకం
పెద్దాయనా, మీరు చెప్పినట్టు విడిపోయిన ఇళ్లు నేనూ చూశాను. వాళ్లు రాసుకున్నందువల్ల విడిపోలేదు, ఏళ్ల తరబడి ఎవరికి వాళ్లు మనసులో లెక్క కట్టుకున్నందువల్ల విడిపోయారు. మనసులో లెక్కకు సాక్ష్యం ఉండదు. ఎవరి లెక్కలో వాళ్లే ఎక్కువ చేసినట్టుంటుంది. ఒక్క వారమే రాయమంటున్నాను, బతుకంతా కాదు.

పాతకాపు
ఒక్క వారం అంటే ఒప్పుకుంటాను. అందరూ రాయాలి, నాలాంటి వాడు కూడా. ఒకరి మీద నిఘాలా ఉండకూడదు.

మూగజీవాల డాక్టరు
నేను పశువైద్యంలో ఉన్నాను. పని భారంలో ఒక భాగం తేదీల వల్ల వస్తుంది, దాన్ని చాలామంది గమనించరు. కోతలు ముమ్మరంగా ఉన్న వారంలోనే రెండు ఆవులు ఈనితే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఆవు చూడి కాలం దాదాపు 280 రోజులు, గేదెకు 310 రోజుల దగ్గర, మేకకూ గొర్రెకూ అయిదు నెలలు. ఆవుకూ గేదెకూ ఎద దాదాపు 21 రోజులకొకసారి వస్తుంది. క్యాలెండరు ముందు పెట్టుకుని వెనక్కి లెక్కించండి. ఇప్పుడు కట్టిస్తే నూర్పిళ్లలో ఈనుతుందనిపిస్తే, పశువు ఆరోగ్యంగా ఉంటే, ఒక ఎద వదిలేసి తర్వాతి ఎదకు కట్టించవచ్చు. పాల రాబడి కొంచెం వెనక్కి జరుగుతుంది. ఇంట్లో మనుషులు తక్కువున్న చోట ఆ ఆలస్యం భరించదగినదే అని నా అభిప్రాయం.

రాత్రి ఈతల గురించి కూడా చెప్తాను. కెనడాలో మానిటోబాకు చెందిన పశుపోషకుడు గస్ కోనెఫాల్ ఒక సంగతి గమనించాడు. ఈనబోయే ఆవులకు ప్రధాన మేత పొద్దుపోయాక వేస్తే పగటిపూట ఈనేవాటి సంఖ్య పెరిగింది. ఆ పద్ధతికి ఇప్పుడు ఆయన పేరే ఉంది, పరిశోధకులూ పరీక్షించారు. మాంసం కోసం పెంచే మందల్లో దీని ఫలితం స్పష్టంగా కనబడింది. పాడి పశువులకు రెండు పూటలా మేత వేస్తాం కాబట్టి అంత గట్టిగా ఆశపెట్టుకోవద్దు, ప్రయత్నిస్తే పోయేది లేదు.

ఈనిన దూడకు ముర్రుపాలు మాత్రం ఎవరికి ఎంత పని ఉన్నా వాయిదా వేయకూడదు. మొదటి కొన్ని గంటల్లో పట్టాలి. రోగాన్ని ఆపే యాంటీబాడీలను దూడ పేగు పీల్చుకునే శక్తి గంట గంటకూ తగ్గిపోయి, ఒక రోజు తిరిగేసరికి దాదాపు మూసుకుపోతుంది. ఇది ఇంట్లో ఒక్కరికే తెలిసి ఉంటే చాలదు, అందరికీ తెలియాలి.

గడ్డివాము
డాక్టరు గారూ, ఎద వదిలేయమంటే మా నాన్నగారు అస్సలు ఒప్పుకోరు. కానీ కోతల వారంలో ఈనిన గేదె దగ్గర రాత్రంతా కూర్చున్నది మా అమ్మే. ఈ వివరణ వాళ్లిద్దరికీ చదివి వినిపిస్తాను.

ఎర్రమట్టి
పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నేను బడిలో చదువు చెప్తాను, ఇంటి దగ్గర సేద్యం ఉంది.

పిల్లలు పని నేర్చుకోవడం వేరు, పనికి వాడటం వేరు. గుడ్లు ఏరడం, కోళ్లకు నీళ్లు పెట్టడం, మడికి నీళ్లు కట్టేటప్పుడు పక్కన ఉండటం, ఏ పశువు ఎన్ని పాలిచ్చిందో పుస్తకంలో రాయడం, ఇవన్నీ పిల్లలు ఇష్టంగా చేస్తారు. లెక్కలు కూడా వస్తాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973 నాటి 138వ ఒడంబడిక ప్రకారం, చదువుకు, ఆరోగ్యానికి అడ్డురాని తేలికపాటి పనికి సాధారణంగా 13 ఏళ్లు, ప్రమాదకరమైన పనికి 18 ఏళ్లు నిండాలి. చట్టం ఎలా ఉన్నా ఇంట్లో మనం పెట్టుకునే గీత ఇంకా గట్టిగా ఉండాలని నేను అనుకుంటాను.

మా ఇంట్లో గీతలు ఇవి. ట్రాక్టరు మీద డ్రైవరు ఒక్కరే, మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టడం లేదు. ముద్దు కోసం కూడా లేదు. ఒక్క కుదుపు చాలు, పిల్లవాడు పెద్ద చక్రం కింద ఉంటాడు. ట్రాక్టరు వెనక తిరిగే పీటీవో షాఫ్టు, అంటే వెనక తగిలించిన యంత్రాన్ని నడిపే ఇరుసు, సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. చున్నీ కొసో, చొక్కా అంచో అందులో పడితే ‘ఆపు’ అనేలోపే అయిపోతుంది. దానికి తొడుగు లేకుండా మా పొలంలో యంత్రం స్టార్ట్ చేయం. పురుగుమందు కొట్టే రోజు పిల్లలు ఆ దిక్కుకే రారు, మందు కొట్టిన బట్టలు విడిగా ఉతుకుతాం, ఖాళీ డబ్బా నీళ్లకు వాడనివ్వం.

అన్నిటికన్నా ముందు, పరీక్షల రోజుల్లో పని అడగం. పొలం పోనీ, ఒక పూట ఆలస్యమైతే అవుతుంది.

తొలకరి
మా ఆయనకు ఈ పోస్టు చూపించాను. మడ్‌గార్డు దగ్గరే మా ఇద్దరికీ తేడా వస్తోంది. చదివి, ‘సరే, ఇక ఎక్కించను’ అన్నారు. మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

నీటిమళ్లు
ప్రమాదాల మాట వచ్చింది కాబట్టి ఒకటి కలుపుతున్నాను. పేడనీళ్లు నిల్వ ఉండే గొయ్యి, గోబర్ గ్యాసు ట్యాంకు, చాలాకాలం మూసి ఉన్న బావి, ధాన్యం పాతర. వీటిలోకి మనిషి దిగకూడదు. పేడ గోతిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కొంచెం ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కు వాసన పట్టే శక్తినే పోగొడుతుంది. వాసన లేదు కదా అని దిగినవాళ్లు పడిపోతారు. వాళ్లను తీయడానికి అన్న దిగుతాడు, తర్వాత నాన్న దిగుతాడు. ఒకే ఇంట్లో వరసగా పోయిన సంఘటనలు చాలా దేశాల్లో జరిగాయి. ఎవరైనా పడిపోతే దిగకుండా, గాలి సిలిండరు ఉన్న రక్షణ సిబ్బందిని పిలవాలి. ఆ క్షణంలో ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ముందే ఇంట్లో అందరితో అనిపించి ఉంచాలి: దిగం.

పాడివాకిలి
ఇవాళే ఇంట్లో చెప్తాను, నీటిమళ్లు అన్నా.

కొత్తనాగలి
నేను చదువు అయ్యాక తిరిగి పొలానికి వచ్చినవాణ్ణి. తొలకరి గారి మూడో ప్రశ్న నాదీ. నాన్న నన్ను పనికి నమ్ముతారు, నిర్ణయానికి నమ్మరు. ఏ విత్తనం, ఎప్పుడు అమ్మాలి, ఎంత అప్పు తేవాలి, ఏదీ ముందు చెప్పరు. ఇలాగైతే నేను కూలివాడినా, రైతునా అని టెన్షన్‌గా ఉంటోంది. పెద్దవాళ్లు ఎవరైనా చెప్పండి, మీరు మీ కొడుకులకు ఎలా అప్పగించారు?

పాతకాపు
బాబూ కొత్తనాగలి, నేను చెప్తాను. మా అబ్బాయికి ముందు ఒక్క మడి ఇచ్చాను. విత్తనం దగ్గర నుంచి అమ్మకం దాకా అతనిదే. ఆ గట్టు మీదకు వెళ్లాలని కాళ్లు లాగేవి. వెళితే నోరు ఊరుకోదు. అందుకని ఆ పంట కోసేదాకా ఆ వైపు వెళ్లలేదు. తర్వాత నీళ్ల నిర్ణయం అప్పగించాను, ఆ తర్వాత డబ్బు పుస్తకం. డబ్బు పుస్తకం ఇవ్వడమే అన్నిటికన్నా కష్టం. అప్పు ఎంత ఉందో కొడుక్కి తెలియడం మాలాంటి వాళ్లకు నామోషీగా ఉంటుంది. మీ నాన్న చెప్పకపోవడానికి కారణం అదే కావచ్చు, నీ మీద నమ్మకం లేక కాదు. ఆయన్ని ‘పొలం నాకివ్వు’ అని అడగకు. ‘ఈ ఒక్క మడి ఈ ఒక్క పంటకు నాది’ అని అడుగు.

ఇంకో పని చేయి. ఆయన తలలో ఉన్న పొలాన్ని కాగితం మీద గీయించుకో. ఏ మూల ముందు నీరు నిలుస్తుంది, ఏ గట్టు ఎప్పుడు తెగింది, పైపు ఎక్కడ పాతిపెట్టారు, ఏ మడిలో చౌడు వచ్చింది, సరిహద్దు రాయి ఎక్కడుంది. ఇవి ఏ పాసుపుస్తకంలోనూ ఉండవు. అడిగితే ఆయన సంతోషంగా చెప్తాడు. పొలం సంగతి అడిగే కొడుకుతో అప్పు సంగతి మాట్లాడటం కూడా తేలికవుతుంది.

కొత్తనాగలి
తాతగారూ, ‘నాది’ అనే మాట వాడితే నాన్న నొచ్చుకుంటారని ఇన్నాళ్లూ అసలు అడగనే లేదు. ఒక్క పంటకు అని అడగడం నాకు తట్టలేదు. అడుగుతాను. పొలం పటం పని రేపే మొదలుపెడతాను.

ఎర్రమట్టి
కోడళ్లకూ కూతుళ్లకూ కూడా ఒక మడి ఇవ్వండి పాతకాపు గారూ. నిర్ణయం అలవాటైతేనే ఆపదలో నిలబడగలుగుతారు. భర్త పోయాక ఎరువు దుకాణంలో ఖాతా ఎంతుందో కూడా తెలియని ఆడవాళ్లను చూశాను.

పాతకాపు
నిజమే తల్లీ. మా ఇంట్లో నేను ఆ పని చేయలేదు. చేయదగిన పనే.

గడ్డివాము
ఇంటి లోపలి సంగతులు అయ్యాయి, ఇరుగుపొరుగు సంగతి మాట్లాడదామా? మా దగ్గర నాలుగైదు కుటుంబాలం నాట్లకూ కోతలకూ బదులు పనికి వెళతాం. ఇవాళ మా చేలో మీరు, రేపు మీ చేలో మేం. ఇదొక్క మన దగ్గరే కాదు, ప్రపంచమంతా ఉంది. ఫిన్లాండ్‌లో తల్కోత్, ఆండీస్ కొండల్లో ఐని, కొరియాలో పూమాసి, టర్కీలో ఇమేజె, అన్నీ ఇలాంటివే. కానీ మా జట్టులో రెండు గొడవలు ఎప్పుడూ ఉంటాయి. మొదట ఎవరి చేను కోయాలి అనేది ఒకటి. ట్రాక్టరు ఉన్నవాళ్ల పనికీ, చేతులు మాత్రమే ఉన్నవాళ్ల పనికీ సమానం ఎలా కట్టాలి అనేది రెండోది.

నీటిమళ్లు
మొదటిదానికి మా జట్టులో వాడేది చెప్తాను. చివర కోసే చేనుకే వాన భయం, గింజ రాలే భయం. అందుకని పోయినసారి చివర ఉన్న ఇల్లు ఈసారి మొదట. ఎవరి పైరైనా మరీ ముందు పండితే జట్టంతా చేనులోకి వెళ్లి, గింజ కొరికి చూసి ఒప్పుకుంటేనే వరస మారుతుంది. ఇంట్లో కూర్చుని మార్చం.

రెండోది కష్టం. ట్రాక్టరు గంటకు ఇన్ని మనిషి పూటలు అని ముందే అనుకుంటాం, డీజిలు ఎవరి చేలో తిరిగితే వాళ్లదే. ముసలివాళ్లు, బాలింత ఉన్న ఇల్లు పూర్తి బదులు తీర్చలేకపోతే పిల్లల్ని చూసుకోవడం, వంట, నూర్పిడి కళ్లం కాపలా, ఇవన్నీ పూటలుగానే లెక్క వేస్తాం. ఎవరికి ఎన్ని పూటల బాకీ ఉందో ఒక పుస్తకంలో ఉంటుంది, పంట చివర అందరం కూర్చుని చూస్తాం.

లెక్కలపుస్తకం
కళ్లం కాపలాని పూటగా లెక్క వేయడం చాలా నచ్చింది. ప్రపంచంలో ఉన్న దాదాపు 60 కోట్ల కమతాల్లో ప్రతి ఆరింటిలో అయిదు రెండు హెక్టార్ల లోపువే అని ఆహార వ్యవసాయ సంస్థ పరిశోధకులు 2021లో రాశారు. మొత్తం సాగు భూమిలో వాటి వాటా దాదాపు 12 శాతమే, ఆహారంలో మాత్రం మూడో వంతుకు పైన. ఇంత చిన్న కమతానికి సొంతంగా అన్ని యంత్రాలూ కొనడం సాధ్యం కాదు. మందులు కొట్టే యంత్రం ఒకరిది, నూర్పిడి యంత్రం ఇంకొకరిది అయితేనే నడుస్తుంది. అందుకే ఈ పూటల పుస్తకం చాలా విలువైనది.

పాడివాకిలి
నీటిమళ్లు అన్నా, బదులు పనిలో మనిషికి దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది? మా జట్టులో పోయిన పంటకు కొడవలి తగిలి ఒకరు నెల రోజులు పనికి రాలేకపోయారు. ఎవరూ ఏమీ అనుకుని ఉండలేదు, చాలా బాధపడ్డాం.

నీటిమళ్లు
పూటల పుస్తకం మొదటి పేజీలోనే రాసుకోవాలి తమ్ముడూ. ఎవరి చేలో దెబ్బ తగిలితే వాళ్లే వైద్యం చేయించాలంటే చిన్న రైతు తట్టుకోలేడు. మేం పంట అమ్మాక ప్రతి ఇంటి నుంచి కొంత తీసి విడిగా పెడతాం. దెబ్బ తగిలిన మనిషి చేయాల్సిన పూటలు మిగతా ఇళ్లవాళ్లు పంచుకుని చేస్తారు, అవి అతని బాకీలో రాయం.

తొలకరి
ఆదివారం అందరం కూర్చున్నాం. రాయడానికి అత్తయ్యే ముందు ఒప్పుకున్నారు, మా అమ్మాయి ఆవిడ చెప్పింది రాస్తోంది. పక్క పొలం వాళ్లతో పాల మార్పిడి మాట్లాడాం, వాళ్లకూ ఇదే ఇబ్బంది ఉందట. మావయ్యను మడి ఇంకా అడగలేదు. ముందు పొలం పటం గీయించుకుంటాం. వారం రాయడం పూర్తయ్యాక ఏం తేలిందో ఇక్కడే పెడతాను. నీటిమళ్లు గారూ, మీ పూటల పుస్తకంలో వరసలు ఎలా గీస్తారో ఒక పేజీ నమూనా, పేర్లు లేకుండా, పెట్టగలరా?

నీటిమళ్లు
రేపు పొద్దున పెడతాను. ఎడమ వైపు ఇళ్లు, పైన తేదీలు, గడిలో ఏ పని, ఎన్ని పూటలు. గడి కింద చేను యజమానిదీ పనికి వచ్చినవాళ్లదీ ఇద్దరి సంతకం. సంతకం అదే సాయంత్రం పెట్టాలి, మర్నాటికి వదలకూడదు.